రబ్బరు పిడి, కర్ర పిడి

సేజ్ బెండ్ తుపాకీ క్లబ్బులో సభ్యులు ఇరవై ముగ్గురు. వాళ్ళలో తొమ్మిదేళ్ళుగా ఒక్క ఇనప పొట్టేలునైనా పడగొట్టని మనిషి మార్లిస్ హాగెన్ ఒక్కతే. ఈ సంగతి ఆమెకి ఎవరూ గుర్తుచెయ్యక్కర్లేదు గాని, మిగతా ఇరవై ఇద్దరూ గుర్తుచేస్తూనే ఉంటారు.

ఆట చెప్పుకోడానికి తేలికే. దళసరి ఇనప రేకుతో కోసిన జంతువుల్ని వరసగా నిలబెడతారు. యాభై మీటర్ల దూరంలో కోళ్ళు, వందలో పందులు, నూటయాభైలో టర్కీ కోళ్ళు, రెండు వందల మీటర్ల అవతల పొట్టేళ్ళు. వాటిని చేతితుపాకీతో కొట్టాలి. తగిలితే చాలదు, పడాలి. ఠంగుమని మోగి, ఏమీ జరగనట్టు నిలబడిపోతే సున్నా.

మార్లిస్ గుళ్ళు పొట్టేళ్ళకి తగలకపోలేదు. పదకొండుసార్లు తగిలాయి. ఆ పదకొండు తేదీలూ ఆమెకి నోటికి వచ్చు. కాని ఆమె పాత రివాల్వర్ చిన్నది. దాని గుండు అంతదూరం వెళ్ళేసరికి అలిసిపోయి, పొట్టేలు భుజం తట్టి బాగోగులు అడిగినట్టు ఉండేది. పాతిక కిలోల ఇనుము అలాంటి పలకరింపులకి పడదు.

సీజను ఆఖరి పోటీ అయిన మర్నాడు పొట్టేళ్ళన్నిటికీ తెల్ల రంగు వెయ్యాలి. ఆ ఏడు ఒక్క పొట్టేలునీ పడగొట్టనివాళ్ళే ఆ పని చెయ్యాలన్నది క్లబ్బు కట్టుబాటు. తొమ్మిదేళ్ళుగా రంగు డబ్బా మార్లిస్‌దే. నాలుగో ఏడు క్లబ్బు పెద్ద ఆర్లో దాని మీద ఆమె పేరు రాశాడు. ఏడో ఏటికి పేరు చెరిగిపోతే, శ్రద్ధగా మళ్ళీ రాశాడు.

ఇదంతా నవ్వుకునే విషయమే, మార్లిస్ కూడా నవ్వేది. కాని పోయినేడు జనవరిలో, బడి వంటింటి వెనక మెట్ల దగ్గర మంచు మీద జారి, కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆ ఏడు పోటీలో కాల్చనే లేదు. రంగు మాత్రం ఎడం చేత్తో వేసింది.

ఆరు నెలల కిందటే డాక్టరు చెప్పాడు, ఎముక బ్రహ్మాండంగా అతుక్కుంది, ఇక మామూలుగా వాడుకోమని. ఎముకైతే అతుక్కుంది గాని, దాని మీద జనానికి నమ్మకం అతుక్కోలేదు. బడిలో నూట ఎనభై మంది పిల్లలకి ఇరవై ఆరేళ్ళుగా వండిన చెయ్యి అది. ఇప్పుడు ఆమె గిన్నె ఎత్తబోతే పక్కనున్నవాళ్ళు పరిగెత్తుకొచ్చి లాక్కుంటున్నారు. దుకాణంలో పాల డబ్బా పట్టుకుంటే ముక్కూ మొహం తెలియనివాళ్ళు కూడా సాయానికి వస్తున్నారు. ఇక ఇంట్లో మొగుడు డెల్మర్ సంగతి చెప్పనే అక్కర్లేదు. "నేను పట్టుకుంటాలే" అన్న మాట రోజుకి ఇరవైసార్లు వినీ వినీ మార్లిస్‌కి ఆ రెండు ముక్కలు చెవిన పడితే ఒళ్ళు మండుతోంది. అరవై ఒక్కేళ్ళు వచ్చాయి, ఆ కుడి చెయ్యి తనదేనని మళ్ళీ ఊరంతటికీ చూపించాలి. అందుకు ఆమెకి తెలిసిన దారి ఒకటే. శనివారం జరిగే ఆఖరి పోటీలో ఒక్క పొట్టేలు పడాలి.

అందుకే బుధవారం సాయంత్రం మొగుడూ పెళ్ళాలిద్దరూ ట్రూడీ దుకాణంలో ఉన్నారు.

ట్రూడీకి డెబ్బై దాటాయి. ఆమె దుకాణంలో తుపాకులు, గాలాలు, వానపాములు, కూరగాయల విత్తనాలు అన్నీ దొరుకుతాయి. మెల్లగా మాట్లాడటం ఆమెకి చేతకాదు. గల్లా పెట్టె పక్కన పాత తువ్వాలు పరిచి, దాని మీద రెండు రివాల్వర్లు పెట్టింది. రెండూ ఎవరో వాడి అమ్మినవే. రెండూ ఒకే రకం, పొడుగు గొట్టాలవి, పెద్ద గుండువి. ఊళ్ళో అందరూ ఫార్టీఫోర్ అంటారు. ప్రతి గుండుకీ వెనకనున్న కొక్కేన్ని బొటనవేలితో లాగి కాల్చాల్సిన పాతకాలపు తరహా.

డెల్మర్ కరెంటు స్తంభాలెక్కే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. అంకెలు లేనిదే అన్నం తినడు. దుకాణానికి వంటింటి తక్కెడ మోసుకొచ్చాడు. రెండు తుపాకులూ తూచి, టేపుతో కొలిచి, పాత క్యాలెండరు కాగితం వెనక గళ్ళు గీసి రాసుకున్నాడు.

"చూడు మార్లిస్. గొట్టం దీనిది పదిన్నర అంగుళాలు, దానిదీ పదిన్నరే. బరువులో తేడా పాతిక గ్రాములు. అంటే రెండూ ఒకటే. తేడా అల్లా పిడిలో. దీనికి రబ్బరు, దానికి కర్ర. నీ చేతికి మెత్తగా రబ్బరు ఉండాలి. అయిపోయింది, ఇంటికి పోదాం పద."

"ఏం డెల్మర్, పెళ్ళికి ముందు మార్లిస్‌ని కూడా ఇలాగే తూకం వేశావా?" అంది ట్రూడీ.

"అప్పుడు తక్కెడ లేదు."

"ఉంటే నేను దొరికేదాన్ని కాదు," అంది మార్లిస్.

ట్రూడీ రెండు తుపాకులూ తెరిచి, లోపల గుళ్ళు లేవని ముగ్గురికీ కనబడేలా చూపించింది. తర్వాత ఎదురుగోడ మీద మేకుకి తగిలించిన ఎర్ర టోపీ వైపు చెయ్యి చూపించింది. "దాన్నోసారి చూడు. కళ్ళు మూసుకో. చెయ్యెత్తు. ఇప్పుడు కళ్ళు తెరువు."

రబ్బరు పిడి తుపాకీతో కళ్ళు తెరిచేసరికి గొట్టం టోపీకి మూరెడు కిందగా నేల చూపులు చూస్తోంది. కర్ర పిడిది తీసుకుని మళ్ళీ కళ్ళు మూసి ఎత్తింది. తెరిచేసరికి గొట్టం కొసనున్న గురి సరిగ్గా టోపీ మధ్యలో ఉంది. మార్లిస్ ఇంకోసారి చేసి చూసింది. మళ్ళీ టోపీయే. ఎవరిదో పాత కర్ర పిడి, పట్టుకుని పట్టుకుని అంచులు అరిగి నున్నబడింది. అరచేతిలో అది కూచున్న తీరుకి ఆమెకి లోపల్లోపల నవ్వొచ్చింది.

"అది కాకతాళీయం," అన్నాడు డెల్మర్.

"వెనకాల కంకర గుంట ఉంది. ఒక్కోదానితో ఆరేసి గుళ్ళు కాల్చి చూసుకోండి," అంది ట్రూడీ. కొనబోయేవాళ్ళకి ఆ దుకాణంలో అది మామూలే.

పొట్టేళ్ళని కొట్టేవాళ్ళు నిలబడి కాల్చరు. నేల మీద వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు ఎత్తి, ఎడం చెయ్యి తల కింద పెట్టుకుని, తుపాకీ ఉన్న కుడి చేతిని కాలి పక్కకి ఆనించి కాలుస్తారు. చూసేవాళ్ళకి ఎండలో కునుకు తీస్తున్నట్టు ఉంటుంది. గుళ్ళుండే చక్రం సందులోంచి ఎగిసే నిప్పుకి ప్యాంటు కాలకుండా కాలికి తోలు ముక్క కట్టుకుంటారు. మార్లిస్‌ది పాత వంటింటి దుస్తుల్లోంచి కోసిన తోలు ఆప్రాన్ ముక్క. ఇందులో చిక్కేమిటంటే, రెండో చేతి సాయం ఉండదు. తుపాకీ తన్నే తన్నంతా ఆ ఒక్క మణికట్టే భరించాలి.

ట్రూడీ పరిచిన దుప్పటి మీద మార్లిస్ పడుకుంది. చెవులకి తొడుగులు పెట్టుకుంది. ముందు రబ్బరు పిడి.

మొదటి గుండుకే మణికట్టులోంచి మోచేతి దాకా ఎవరో గునపం దింపినట్టయింది. కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి.

"ఎలా ఉంది?" అన్నాడు డెల్మర్, అప్పటికే ఒక అడుగు ముందుకేసి.

నొప్పి అన్న మాట నోట్లోంచి వస్తే చాలు, రెండు తుపాకులూ ట్రూడీ బీరువాలోకి పోతాయి, తను రంగు డబ్బా దగ్గరికి పోతుంది. మార్లిస్‌కి ఆ సంగతి బాగా తెలుసు.

"బాగుంది! చాలా బాగుంది!" అంది.

అలా చాలా బాగుందనుకుంటూనే మిగతా అయిదూ కాల్చింది. నాలుగోదానికి పళ్ళు కొరుక్కుంది. ఆరోదానికి ఆకాశంలో ఉన్న ఒకే ఒక్క మబ్బు రెండుగా కనబడింది.

తర్వాత కర్ర పిడి. కొక్కెం లాగి, ఊపిరి బిగబట్టి, రాబోయే నొప్పికి సిద్ధపడి ట్రిగ్గర్ నొక్కింది. చప్పుడు అంతే పెద్దగా వచ్చింది. నిప్పు అంతే ఎగిసింది. కాని పిడి అరచేతిలో నున్నగా జారి పైకి తిరిగింది, గొట్టం ఆకాశం చూసింది, తన్ను కాస్తా దానితోపాటే గాల్లోకి పోయింది. మణికట్టు దాకా ఏమీ రాలేదు. మార్లిస్ ఒక్క క్షణం అర్థంకాక అలాగే పడుకుంది. మళ్ళీ కాల్చింది. ఈసారి పైకే నవ్వేసింది. ఆరూ అయ్యేసరికి దుప్పటి మీద పడి పకపకా నవ్వుతోంది.

"ఏమైంది? ఎందుకు నవ్వుతున్నావు?" అన్నాడు డెల్మర్.

"ఏం లేదు. ఇదే తీసుకుంటా."

"అదా? ఎందుకు?"

ఎందుకో చెప్పాలంటే మొదటిది ఎంత బాధపెట్టిందో చెప్పాలి. మార్లిస్ ఆలోచించి, నోటికొచ్చింది అంది. "రంగు బాగుంది."

"రంగా? మార్లిస్, పొట్టేలుకి నీ పిడి రంగు కనబడుతుందా? రబ్బరు మెత్తన, కర్ర గట్టి. చిన్నపిల్లలకి కూడా తెలుసు. నువ్వు చూస్తే రంగంటావు!"

"నాకు నచ్చింది."

"నచ్చడం ఒక లెక్కా? ఏ గడిలో రాయమంటావు దాన్ని?" అన్నాడు కాగితం ఊపుతూ.

ట్రూడీ కళ్ళజోడు పైనుంచి మార్లిస్ కుడి చెయ్యి వైపు చూసింది, మొహం వైపు చూసింది. రేపు చెప్పండి అని తుపాకులు తీసి లోపల పెట్టింది.

రేపు చెప్పాల్సిన అవసరం రాలేదు. గురువారం పొద్దున్నే డెల్మర్ ట్రూడీ దగ్గరికి పోయి, కాగితాలు నింపి, ఒక పెట్టె పట్టుకొచ్చాడు. దాని మీద బహుమతుల రిబ్బను కూడా కట్టించాడు. పెళ్ళిరోజు ఇంకా మూడు వారాలుంది.

"ముందే ఇచ్చేస్తున్నా, పోటీకి పనికొస్తుందని," అన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. ముప్పై నాలుగేళ్ళ కాపురంలో అతను ఆమెకి చెప్పకుండా కొన్న మూడో వస్తువది.

మార్లిస్ మూత తెరిచింది. రబ్బరు పిడి.

"చాలా బాగుంది," అంది. ఆ మనిషి మొహం చూస్తే ఇంకో మాట ఎలా వస్తుంది? పెట్టె తీసుకెళ్ళి బట్టల అలమారలో అడుగున పెట్టేసింది. ఆ రాత్రి కాఫీలో చక్కెర ఎడం చేత్తో కలుపుకుంది. కుడి చెయ్యి బల్ల కింద ఒళ్ళో పెట్టుకుంది. డెల్మర్ అది చూశాడని ఆమెకి తెలియలేదు.

శుక్రవారం మధ్యాహ్నం బడి వంటింట్లో పని తెమిలాక మార్లిస్ ఇంటికొచ్చింది. డెల్మర్ లేడు, ఎక్కడికో వెళ్ళాడు. మంచిదే అనుకుని, అలమారలోంచి పెట్టె తీసి, దాని మొహం చూడబుద్ధి కాక మూత తెరవకుండానే చంకన పెట్టుకుని ట్రూడీ దుకాణానికి నడిచింది. దారంతా ఏం చెప్పాలో అనుకుంటూనే పోయింది. డెల్మర్‌కి చెప్పకుండా మార్చేసుకుంటే? రేపు మైదానంలో చూస్తాడు కదా. చూస్తే ఎంత చిన్నబుచ్చుకుంటాడు! చిన్నబుచ్చుకోనీ, తర్వాత బుజ్జగించుకోవచ్చు. పొట్టేలు మాత్రం రేపు పడాలి.

"ట్రూడీ, నీకు దణ్ణం పెడతా, ఇది తీసుకుని ఆ కర్ర పిడిది ఇవ్వు. దీంతో ఇరవై గుళ్ళు కాలిస్తే నా చెయ్యి ఊడి నీ గడపలో పడుతుంది. డెల్మర్‌తో మాత్రం అనకు."

ట్రూడీ పెట్టె వైపు చూసింది. "కర్ర పిడిది లేదే. అమ్ముడుపోయింది."

మార్లిస్ వానపాముల డబ్బాల పక్కనున్న స్టూలు మీద కూలబడింది. "ఎవరు కొన్నారు?"

"ఒక పిచ్చివాడు. పొద్దున తొమ్మిదింటికి వచ్చాడు."

"ఏ ఊరివాడు?"

ట్రూడీ మూతి బిగించుకుంది. ఆ బిగింపు రెండు క్షణాలు కూడా నిలవలేదు. పొట్ట పట్టుకుని నవ్వడం మొదలెట్టింది. దుకాణంలో గాలాలు కూడా ఊగేటంత నవ్వు. "ముందు ఆ పెట్టె తెరిచి చావు తల్లీ!"

మార్లిస్ మూత తీసింది. లోపల కర్ర పిడి. అరిగిన అంచులతో, నున్నగా.

"మీ ఆయనే," అంది ట్రూడీ కళ్ళు తుడుచుకుంటూ. "నిన్న రాత్రి నువ్వు కాఫీ ఎడం చేత్తో కలిపావట. అది చూసి ఆ మనిషికి నిద్రపట్టలేదు. పొద్దున ఆ రబ్బరుది పట్టుకుని వచ్చి, ఇంకోసారి కాల్చాలన్నాడు. కాల్చుకో అన్నాను. ఎలా కాల్చాడో తెలుసా? ఎడం చేత్తో! ఎడం చెయ్యి ఎందుకయ్యా అంటే, కుడి చెయ్యి గట్టిది, దానికి ఏం తెలుస్తుంది, బలంలేని చేతికే తెలుస్తుంది అన్నాడు. పైగా నీ పాత మణికట్టు పట్టీ తెచ్చుకుని చుట్టుకున్నాడు, అదేదో శాస్త్రప్రయోగం అయినట్టు. నీలాగే కంకరలో వెల్లకిలా పడుకున్నాడు. తోలు ముక్క కట్టుకోవడం మర్చిపోయాడు. ప్యాంటు కాలింది."

"అయ్యో!"

"మొదటి గుండుకే అమ్మో అన్నాడు. నేను చాలయ్యా అంటే వినడే. ఆరూ కాల్చాల్సిందే, లెక్క లెక్కే అన్నాడు. తర్వాత కర్రది ఆరు. అప్పుడు లేచి కూచుని, నా వైపు ఎలా చూశాడనుకున్నావు, నేనే ఏదో మోసం చేసినట్టు! ‘రబ్బరు మెత్తన కదా ట్రూడీ’ అంటాడు. మెత్తనే, కాని చేతికి అంటుకుపోతుంది, తన్నంతా తీసుకెళ్ళి మణికట్టుకి ఇస్తుంది, కర్ర జారుతుంది అన్నాను. మరి బుధవారం ఎందుకు చెప్పలేదు అన్నాడు. చెప్పాల్సినావిడ రంగు బాగుందంటూ కూచుంటే మధ్యలో నేనెవర్ని? మళ్ళీ అవే కాగితాలు నింపి, పెట్టె మార్చి పట్టుకుపోయాడు. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు."

"మరి చెప్పేశావుగా."

"పెట్టె చెప్పింది, నేను కాదు," అంది ట్రూడీ.

మార్లిస్ ఆ పెట్టె ఒళ్ళో పెట్టుకుని వానపాముల పక్కన కూచుని నవ్వింది, కళ్ళు తుడుచుకుంది, మళ్ళీ నవ్వింది. ఆమెకి డెల్మర్ మీద అంత ప్రేమ పొంగుకొచ్చి చాలా కాలమైంది. ఆ మాట ట్రూడీతోనే అనేసింది.

"ఇంటికెళ్ళి ఆయనతో చెప్పు, నాతో కాదు," అంది ట్రూడీ.

కాని మార్లిస్ అంత తేలిగ్గా చెప్పే మనిషి కాదు. ఇంటికెళ్ళి పెట్టెని యథాస్థానంలో పెట్టేసి, గొడ్డుమాంసం ముక్కలూ బంగాళాదుంపలూ వేసి పులుసు కాచింది. భోజనానికి కూచున్నారు. బీట్‌రూట్ ఊరగాయ సీసా మధ్యలో ఉంది. పోయిన శరత్కాలంలో బిగించిన మూత.

డెల్మర్ ఎడం చెయ్యి బల్ల కింద ఉంది. మార్లిస్ కుడి చెయ్యి బల్ల కింద ఉంది.

"సీసా మూత తియ్యి," అంది మార్లిస్.

"నాకు ఇవ్వాళ బీట్‌రూట్ తినబుద్ధి కావట్లేదు," అన్నాడు డెల్మర్. బీట్‌రూట్ లేకుండా ఆ మనిషి పులుసు ముట్టడు.

"నాకు తినాలనుంది. నేను తీద్దామంటే, నేను పట్టుకుంటాలే అంటావుగా. పట్టు మరి."

అతను కుడి చేత్తో సీసా దగ్గరికి లాక్కుని, మోకాళ్ళ మధ్య ఇరికించుకుని తిప్పడానికి చూశాడు. సీసా జారింది. మార్లిస్ గంభీరంగా పులుసు తాగుతోంది.

"అన్నట్టు, నువ్వు కొన్న రబ్బరు పిడి అద్భుతం డెల్మర్. నువ్వు చెప్పిందే నిజం. ఎంత మెత్తగా ఉందో!"

"అవునా?" అన్నాడు డెల్మర్, పులుసులోకి చూస్తూ. "కాల్చావా?"

"కాల్చక్కర్లేదుగా. గడుల్లో రాశావుగా."

అతను కాసేపు చెంచాతో బంగాళాదుంపని పొడిచాడు. తర్వాత తలెత్తకుండానే అన్నాడు. "అలమారలో చూశావు."

"చూశాను."

"ట్రూడీ నోట్లో నువ్వుగింజ నానదు."

"చెయ్యి చూపించు."

డెల్మర్ ఎడం చెయ్యి పైకి పెట్టాడు. బొటనవేలి మొదలు వాచి నీలంగా ఉంది. మార్లిస్ తన కుడి చెయ్యి దాని పక్కన పెట్టింది. సరిగ్గా అదే చోట, అదే నీలం. కాస్త పాతబడి పసుపుకి తిరుగుతోంది, అంతే తేడా.

"ఎందుకే చెప్పలేదు?" అన్నాడు. "అంత నొప్పెడుతుంటే చాలా బాగుందంటావా?"

"నొప్పి అంటే నువ్వేమనేవాడివి?"

డెల్మర్ నిజాయితీగా ఆలోచించాడు. "పోటీకి వద్దనేవాణ్ణి."

"అందుకే."

ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు చూసుకున్నారు. ముందు డెల్మర్‌కి నవ్వొచ్చింది. తర్వాత ఆపుకోలేకపోయారు. సీసా అలాగే ఉండిపోయింది. తర్వాత మార్లిస్ గిన్నెలు తీస్తుంటే బల్ల మీద క్యాలెండరు కాగితం కనబడింది. బరువు, పొడుగు, గొట్టం అన్న వరసల కింద డెల్మర్ కొత్తగా ఇంకో వరస గీశాడు. ‘చేతికి ఎలా ఉంది’ అని రాసి ఉంది. రబ్బరు గడిలో ఇంటూ గుర్తు. కర్ర గడిలో మూడు టిక్కులు.

శనివారం ఎండ బాగా కాసింది. కొండ వాలంతా గడ్డి పసుపుపచ్చగా ఎండిపోయి, దాని మధ్య ఇనప జంతువులు వరసలు కట్టి ఉన్నాయి. మార్లిస్ పొద్దున్నుంచి కోళ్ళు, పందులు, టర్కీలు కాలుస్తూ కొత్త తుపాకీ తీరు పట్టుకుంది. మణికట్టు నొప్పి లేదని కాదు. రోజంతా పనిచేసిన చేతికి ఉండే నొప్పి, ఆమెకి అలవాటైనదే. పొట్టేళ్ళ వంతు వచ్చేసరికి క్లబ్బు క్లబ్బంతా ఆమె వెనక చేరింది. ఆర్లో దుర్భిణి ముందు కూచున్నాడు. రంగు డబ్బా అతని పక్కనే ఉంది, పేరు ఇటువైపుకి తిరిగి.

"మార్లిస్, కొత్త బ్రష్ కూడా కొన్నాం నీకోసం," అన్నాడు.

"నువ్వే ఉంచుకో, పళ్ళు తోముకోడానికి పనికొస్తుంది."

రెండు నిమిషాలు. అయిదు గుళ్ళు, అయిదు పొట్టేళ్ళు. ఎడమనుంచి కుడికి వరసలోనే కొట్టాలి. మార్లిస్ పడుకుంది, కాలికి తోలు ముక్క సర్దుకుంది, కొక్కెం లాగింది.

"పైనుంచి పోయింది," అన్నాడు ఆర్లో. రెండోది, "కింద. దుమ్ము లేచింది." మూడోది మళ్ళీ పైనుంచి. నాలుగోదానికి ఠంగుమంది. అందరూ ఒక్కసారిగా ముందుకి వంగారు. పొట్టేలు కొద్దిగా ఊగి, ఆలోచించి, నిలబడిపోయింది.

"కాలికి తగిలింది. పన్నెండోది!" అన్నాడు ఆర్లో. అందరూ గొల్లున నవ్వారు. డెల్మర్ మాత్రం నవ్వలేదు. టోపీ రెండు చేతుల్తో నలిపేస్తున్నాడు.

ఇక ఒక్క గుండు, ఒక్క పొట్టేలు. మార్లిస్‌కి ఒక్కసారి భయమేసింది. గట్టిగా పట్టుకుందామనిపించింది. అంతలోనే, గట్టిగా పట్టుకుంటే పిడి జారదని గుర్తొచ్చింది. కళ్ళు మూసుకుంది. వేళ్ళు వదులు చేసి, పిడిని అరచేతిలో దాని చోట్లో కూచోనిచ్చింది. కళ్ళు తెరిచేసరికి గురి పొట్టేలు భుజం మీద ఉంది. ఎంత ఉండాలో అంత పైకి జరిపి నొక్కింది.

గొట్టం ఆకాశం చూసింది. ముందుగా పొట్టేలు వెనక్కి పడింది. దాని తర్వాత, కొండ వాలు మీదినుంచి తీరుబడిగా, ఠంగుమన్న చప్పుడు వచ్చింది.

ఆర్లో దుర్భిణి వదిలి లేచి నిలబడ్డాడు. "పడింది," అన్నాడు, తనకే నమ్మకం లేనట్టు. అప్పుడు కేకలు మొదలయ్యాయి. ట్రూడీ కేక పక్క ఊరికి వినబడి ఉంటుంది.

కాని అప్పుడే అయిపోలేదు. జీవితంలో మొదటిసారి పొట్టేలుని పడగొట్టినవాళ్ళే దాన్ని లేపి నిలబెట్టాలి, ఇంకెవరూ చెయ్యి వెయ్యకూడదు. ఆ క్లబ్బులో అది మొదటినుంచీ ఉన్న పద్ధతి. ఎర్ర జెండా ఎత్తారు. తుపాకులన్నీ ఖాళీ చేసి బల్లల మీద పెట్టారు. మార్లిస్ గడ్డిలో నడుచుకుంటూ పోయింది. వెనక ఇరవై ఇద్దరూ నిలబడి చూస్తున్నారు.

పొట్టేలు వెల్లకిలా పడి ఉంది. భుజం దగ్గర అరచెయ్యంత మేర రంగు లేచిపోయి ఇనుము బయటపడింది. మార్లిస్ వంగి, రెండు చేతులూ దాని మెడ కింద పెట్టి ఎత్తింది. సగం లేచి జారింది. అక్కడ డెల్మర్ ఒక అడుగు ముందుకి వేశాడు. ట్రూడీ అతని బెల్టు పట్టుకుని వెనక్కి లాగింది.

రెండోసారి మార్లిస్ తొందరపడలేదు. బడి వంటింట్లో పెద్ద డేగిసాలు ఎత్తినట్టే మోకాళ్ళు వంచి, కుడి చెయ్యి కిందకి పోనిచ్చి, ఊపిరి తీసుకుని లేచింది. పొట్టేలు ఆమెతోపాటు లేచి, కాళ్ళ మీద నిలబడింది. అది కదలకుండా నిలబడిందో లేదో ఓసారి తట్టి చూసుకుని తిరిగొచ్చింది. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేసింది.

ఆమె వచ్చేసరికి ఆర్లో జేబుకత్తితో డబ్బా మీద పేరు గీకేస్తున్నాడు.

"మరి ఈ ఏడు రంగు ఎవరు వేస్తారు?" అన్నాడెవరో.

"ఆర్లో, నీ కంటి ఆపరేషన్ తర్వాత ఈ ఏడు నువ్వెన్ని పొట్టేళ్ళు పడగొట్టావో ఓసారి చూసుకో," అంది ట్రూడీ. ఆర్లో గీకడం ఆపేశాడు.

భోజనాల బల్ల దగ్గర అందరూ మార్లిస్ వీపు తట్టారు. ఆమె తుపాకీ సంచీ భుజాన వేసుకుని వస్తుంటే డెల్మర్ చెయ్యి అలవాటుగా ముందుకొచ్చింది. "నేను ప..." అని ఆగిపోయాడు. ఆ చెయ్యి వెనక్కి తీసుకుని, తన బుట్టలోంచి రాత్రి తెరవలేకపోయిన బీట్‌రూట్ సీసా తీసి, అందరి ముందూ ఆమెకిచ్చాడు.

"నా చెయ్యి బాగాలేదు మార్లిస్," అన్నాడు. "కాస్త నువ్వు తియ్యి."

మార్లిస్ కుడి చేత్తో మూత పట్టుకుని ఒక్క తిప్పు తిప్పింది. మూత టప్పుమని వచ్చింది. ముందు ముక్క తీసి డెల్మర్ పళ్ళెంలో వేసింది.